తిరగని క్రేన్

గోడవారగా వేసిన బెంచీ మీద అతను, నెత్తిన నిండు బిందె పెట్టుకున్నవాడిలా, మెడ బిగబట్టి కూర్చున్నాడు. పదింటికి రమ్మన్నారు, పది దాటి అయిదు నిమిషాలైంది. లోపల ఇంకెవరో ఉన్నారు. తలుపు వెనక నుంచి "ఇంకొక్కసారి, ఇంకొక్కసారి" అని ఒక ఆడగొంతు, "నా వల్ల కాదమ్మా" అని ఒక ముసలి గొంతు, మళ్ళీ "ఇంకొక్కసారి". నాలుగు నెలల్లో అతను నేర్చుకున్న విద్య ఒక్కటే, కదలకుండా ఉండడం. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మెడ తిప్పకూడదు, తలుపు తిరిగినట్టు ఒళ్ళంతా కలిపి తిరగాలి. చెప్పుల కోసం వంగకూడదు, కాలితోనే తడుముకోవాలి. పై అర వైపు చూడకూడదు. పడుకుంటే రెండు దిళ్ళు, ఎడమవైపే. పొరపాటున కుడివైపు ఒత్తిగిల్లితే ఇక మంచం కోడు పట్టుకున్నా ఆగదు, గది గిర్రున తిరిగి కడుపులో ఉన్నదంతా గొంతులోకి వస్తుంది. పంతొమ్మిదేళ్ళు టవర్ క్రేన్ నడిపినవాడు, ఆకాశంలో గాజుగదిలో కూర్చుని టన్నుల ఇనుమును గుడ్డు దించినంత మెత్తగా దించినవాడు, ఇప్పుడు స్నానాలగదికి గోడ పట్టుకుని వెళ్తున్నాడు. మొన్న పక్కింటి పసిపిల్ల తప్పటడుగులు వేస్తూ దబ్బున కూలబడితే అందరూ నవ్వారు, ఆ పిల్ల కూడా నవ్వింది. పడడం అంత తేలిగ్గా ఉండేది ఏ వయసు దాకానో అని చూస్తూ ఉండిపోయాడు.

పక్కన భార్య. ఒళ్ళో సంచీ, సంచీలో స్కాన్ ఫిల్ములు, మందుల చీటీలు, రక్తపరీక్షల కాగితాలు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టే చోట ఆమెది కాజాల మిషన్. రోజుకి ఎన్ని వందల కాజాలు తెగుతాయో లెక్క పెట్టడం మానేసి చాలా కాలమైంది. ఈ పూట సెలవు పెట్టి వచ్చింది. ఇంతకు ముందు ఆరుసార్లు ఇలాగే సెలవు పెట్టింది. ఒక డాక్టరు బీపీ అన్నాడు, ఒకాయన మెడ ఎముకలన్నాడు, కంపెనీ డాక్టరు షాక్ అని నిద్రమాత్రలు రాశాడు. ఆఖరికి చెవి డాక్టరు రెండు నిమిషాలు చూసి, మందు చీటీ మీద మందు రాయకుండా, ఫిజియోథెరపీకి వెళ్ళమని ఈ అడ్రసు రాసిచ్చాడు. "తల తిరిగితే కసరత్తులు చెయ్యమంటాడేంటి, వెర్రి డాక్టరు" అని అతను అన్నాడు. "చేస్తే ఏం పోయింది, పదండి" అని ఆమె అంది. ఆమె లెక్కలో ఇదసలు జబ్బు కాదు, దిగులు. అందరికీ అదే చెబుతుంది, బస్సులో పక్కసీటు మనిషికి కూడా. "మా తమ్ముడు పోయినప్పట్నించీ ఈయనకి భూమి నిలవట్లేదండీ. తోడబుట్టినదాన్ని, నేను నిలబడే ఉన్నా. ఈయన పడిపోయారు. వాడంటే అంత ప్రాణం." ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె గొంతులో దుఃఖంతో పాటు ఇంకేదో ఉంటుంది, మొగుణ్ణి నలుగురిలో కాస్త ఎత్తున కూర్చోబెట్టినట్టు. అది విన్న ప్రతిసారీ అతను నేలకేసి చూస్తాడు. వంగితే తిరుగుతుంది గనక తల వంచకుండా, కళ్ళు మాత్రమే దించి.

తలుపు తెరుచుకుంది. ముసలాయన చేతికర్రతో బయటికొచ్చాడు. చెమటలు పట్టి, అలిసిపోయి, ఏదో గెలిచినవాడిలా ఉన్నాడు. వెనకే ఫిజియోథెరపీ ఆవిడ, పొట్టిగా, నలభై దాటిన మనిషి, చేతిగడియారం మణికట్టు లోపలివైపుకి పెట్టుకుంది. "రండి, మెల్లగా, తొందరేం లేదు." గదిలో ఎత్తైన మంచం ఒకటి, మూలన మందపాటి స్పాంజి దిమ్మ, నేల మీద పసుపు టేపుతో అతికించిన పొడవాటి గీత. ఇంతేనా అనుకున్నాడు. ఇంకేవో యంత్రాలుంటాయనుకున్నాడు. భార్య సంచీలోని ఫిల్ములు బల్ల మీద పరిచింది, ఆవిడ కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే అడిగింది. తిరిగేది మీరా, గదా? ఎంతసేపు ఉంటుంది? ఎటు తిరిగితే ఎక్కువ? చెవిలో హోరు ఉందా, వినికిడి తగ్గిందా? గదే తిరుగుతుంది. నిమిషం కూడా ఉండదు. కుడివైపుకి. లేదు, బాగానే వినపడుతుంది. ఇంతమంది డాక్టర్లలో ఇలా అడిగినవాళ్ళు లేరు. ఒక్కో జవాబుకి ఆవిడ ఇంకాస్త తలాడిస్తోంది, తెలిసిన ఇంటికి దారి చెబుతుంటే వింటున్నట్టు.

"ఎప్పుడు మొదలైంది?"

అతను నోరు తెరిచేలోపు భార్య చెప్పేసింది. "మా తమ్ముడు పోయిన రోజు నించండీ. సైట్లో ప్రమాదం. ఈయన పైన క్రేన్లో ఉన్నారు, వాడు స్లాబ్ మీద. గాలి... ఒక్కసారిగా పెద్ద గాలి వచ్చిందంట." తేదీ కూడా చెప్పింది. ఆవిడ "అయ్యో" అని, తేదీ రాసుకుంది.

అతను తేలు కుట్టిన దొంగలా ఆ పెన్ను కొస వైపే చూశాడు. అంకెలు. తప్పుడు అంకెలు. ఆ రోజుకి మూడు వారాల ముందు ఒక పొద్దున, క్యాబిన్‌లోకి ఎక్కుతూ తలుపు చట్రానికి తల టంగుమని కొట్టుకున్నాడు. టోపీ ఉంది, దెబ్బేమీ తగల్లేదు, తనలో తనే నవ్వుకున్నాడు. మర్నాడు పక్క మీంచి లేవబోతే గది ఒక చుట్టు చుట్టింది. నిద్రమత్తనుకున్నాడు. ఆ మర్నాడు నిచ్చెన మీద, పై మెట్టు కోసం తల ఎత్తగానే, ఇనుప నిచ్చెన మొత్తం వెనక్కి వాలిపోతున్నట్టై, రెండు చేతులా కరుచుకుని, కళ్ళు మూసుకుని, లోపల అంకెలు లెక్కబెట్టాడు. ముప్పై అనేసరికి ఆగింది. నిమిషం కూడా లేనిదాన్ని ఎవరికి చెబుతాం, ఏమని చెబుతాం? ఆవలింత వచ్చిందని చెప్పుకుంటామా? అలా తనకు తాను సర్దిచెప్పుకున్నాడు గాని, ఆ మాటల వెనక పెద్దాయన ఉన్నాడు. తనకి పని నేర్పిన పెద్దాయన. క్రేన్ ఎక్కితే మహారాజు. ఒకసారి డాక్టరుతో కళ్ళు తిరుగుతున్నాయని నోరు జారాడు. మర్నాటి నుంచి గేటు దగ్గర స్టూలు వేశారు. లారీ వస్తే గేటు తీయడం, పోతే వేయడం. ఎవరూ ఒక మాట అనలేదు, మర్యాదగానే చూశారు. కానీ లారీకీ లారీకీ మధ్య ఆయన తల పైకెత్తి, తిరుగుతున్న క్రేన్ కొమ్ము వైపు చూసేవాడు, నోరు కొంచెం తెరిచి. తను పైనుంచి చూసేవాడు ఆ తెరిచిన నోటిని. ఆ నోరు తనది కాకూడదనుకున్నాడు. అంతే. ఇంకే కారణమూ లేదు. ఎవరైనా పెద్ద కారణం అడిగితే చెప్పడానికి లేదు.

"ఇప్పుడు మిమ్మల్ని గబుక్కున వెనక్కి పడుకోబెడతాను. తల మంచం అంచు దాటి కిందికి వేలాడుతుంది. నేను పట్టుకునే ఉంటాను. తిరుగుతుంది, తిరగాలి, అప్పుడే నాకు తెలుస్తుంది. ఏం జరిగినా కళ్ళు మూసుకోవద్దు. నా ముక్కు చూడండి." తల కుడివైపుకి తిప్పి పట్టుకుంది. ఆ చేతులు ఆవిడ ఎత్తుకి మించిన బలంగా ఉన్నాయి. వద్దు అనబోయాడు. పైకప్పు ఊడి మీద పడ్డట్టు ఒక్క ఊపున వెనక్కి. ఒకటి, రెండు, ఏమీ లేదు, మూడు, మొదలైంది. ముక్కు కుడికి పరుగెత్తి మళ్ళీ అక్కడే ఉంది, మళ్ళీ పరుగెత్తింది, ట్యూబులైటు చక్రమైంది, కిటికీ వరదలో కొట్టుకుపోతున్న పెట్టెలా వస్తూనే ఉంది, పోతూనే ఉంది. "కళ్ళు, కళ్ళు తెరవండి," భార్య ఎక్కడి నుంచో "ఏమండీ" అంటోంది, చేతులు దేన్నో పట్టుకున్నాయి, మంచం అంచు, కాదు, లివర్లు, రెండు లివర్లు, గాజు నేల, మోకాళ్ళ మధ్య నుంచి అరచేతంత కనిపిస్తున్న స్లాబ్, దాని అంచున చుక్కంత పసుపు టోపీ. ఆ టోపీ కింద వాడు. సైట్లో వాణ్ణి అందరూ రేడియో అనేవాళ్ళు, వాకీటాకీ ఒక్క క్షణం ఖాళీగా ఉండనిచ్చేవాడు కాదు. "బావా, ఇంకో రెండడుగులు. బావా, ఇంకొంచెం. బావా, అక్క పెట్టిన డబ్బా తిన్నావా, నాదాంట్లో ఉప్పు లేదు, నీదాంట్లో నా ఉప్పు కూడా పడిందేమో చూడు. ఆ, దించు, దించు, మెల్లగా." చువ్వల కట్ట హుక్కున వేలాడుతోంది. సరిగ్గా చూద్దామని ముందుకి వంగాడు, మోకాళ్ళ మధ్యకి. చూసి తల ఎత్తాడు.

అప్పుడు క్యాబిన్ ఎడమకి తిరగడం మొదలుపెట్టింది. తిరుగుతోంది, కళ్ళారా చూశాడు, ఊరంతా కుడికి జారిపోతోంది, బ్రేకు పట్టుకోవడం లేదు, క్రేన్ తనంతట తాను తిరిగిపోతోంది. పంతొమ్మిదేళ్ళ చెయ్యి ఆలోచించలేదు. ఆపడానికి లివర్ కుడికి లాగింది. క్రేన్ అసలు తిరగలేదు. కదలకుండా నిలబడి ఉన్న క్రేన్‌ని, ఆపుదామని, తనే తిప్పాడు. "ఆపు బావా, ఆపు, ఎటు తిప్పు..." వాకీటాకీలో ఆ మాట అక్కడిదాకా వచ్చింది. ముప్పై అనేసరికి అంతా ఆగింది. అద్దం ముందు ఊరు బుద్ధిగా ఉన్నచోట ఉంది. చువ్వల కట్ట గడియారం లోలకంలా ఊగుతోంది. స్లాబ్ అంచున పసుపు టోపీ లేదు. తరవాత విచారణకని కాగితాలతో వచ్చినవాళ్ళు, పైన గాలి ఎలా ఉందని అడిగారు. ఆ పొద్దున గాలి మీటరు ముల్లు ఒకసారి ఎగిరినట్టు లెక్కలో ఉందట. ఏమైందని అతన్ని ఎవరూ అడగలేదు, గాలి గురించే అడిగారు. "గాలి" అన్నాడు. ఒక్కమాట. నోరులేనిది గాలి, దాని మీదకి తోసేశాడు.

"వచ్చింది, పోతోంది, చూశారా, తగ్గిపోతోంది," ఆవిడ గొంతు దగ్గర్నుంచి వినిపించింది. "నేను చూడాలనుకున్నది చూశానండీ. కుడిచెవే. ఇలాగే ఒక నిమిషం." ఆవిడ గడియారం చూసుకుంటూ, వేలాడుతున్న అతని తలను రెండు చేతుల్లో మోస్తూ, మాట్లాడింది. అతనికంటే భార్యకే ఎక్కువ చెబుతున్నట్టుంది. చెవి లోపల, బాగా లోపల, సన్నటి సున్నపు రేణువులుంటాయి. అవి ఒక జిగురు పొర మీద అంటుకుని ఉంటాయి, మనం నిటారుగా ఉన్నామో వంగామో మెదడుకి చెప్పేది అవే. తలకి ఎక్కడైనా చిన్నదెబ్బ తగిలినా, ఒక్కోసారి ఏ కారణం లేకపోయినా, కొన్ని ఊడి పక్కనున్న నీటి గొట్టంలోకి జారిపోతాయి. ఇక తల వంచినా ఎత్తినా అవి దొర్లుతాయి, నీళ్ళు కదులుతాయి, తిరుగుతున్నామని మెదడుకి తప్పుడు కబురు వెళ్తుంది. "మనిషి కదలడు. కబురే తప్పు." తలను ఎడమకి తిప్పింది, ఇంకో నిమిషం. అతను గోడకేసి చూస్తూ విన్నాడు. సున్నం. జీవితమంతా సిమెంటు, ఇసుక, కంకర ఎత్తి పోశాడు. కంటికి కనపడని ఇంత సున్నం తన చెవిలో కూర్చుని, తప్పుడు సిగ్నల్ ఇచ్చింది. కింద నిజం సిగ్నల్ ఇస్తున్నవాడు ఉన్నాడు. "ఆపు బావా" అంటున్నాడు. తను ఎవరి మాట విన్నాడు? "ఇప్పుడు ఒళ్ళంతా ఎడమకి తిరగండి, ముఖం నేలకేసి." నేల, పాలిపోయిన పలకలు, ఒక పలక మీద పెన్సిలు గీత. ఇంకో నిమిషం. ముక్కు కొసన నీటిచుక్క నిలిచి పలక మీద పడింది. తుడుచుకోలేదు. తల తిరిగి కళ్ళనీళ్ళు వస్తున్నాయి పాపం అనుకుని ఉంటుంది భార్య. "అయిపోవచ్చింది" అంటూ వీపు మీద చెయ్యి వేసింది.

లేపి కూర్చోబెట్టారు. పది నిమిషాలు ఊరికే కూర్చోమని, మళ్ళీ అదే పరీక్ష, మళ్ళీ తల కుడికి, మళ్ళీ ఒక్క ఊపున వెనక్కి. మంచం అంచు పట్టుకుని ఎదురుచూశాడు. మూడు. అయిదు. పది. ఆవిడ ముక్కు ఉన్నచోటే ఉంది. ముక్కు పక్కన చిన్న పుట్టుమచ్చ ఉంది. ఇరవై. ట్యూబులైటు ట్యూబులైటులాగే ఉంది. ప్రపంచం ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని మరిచిపోయాడు. అతనికి భయమేసింది. ఈ నాలుగు నెలలూ తిరిగిన ప్రతిసారీ, కక్కుకున్న ప్రతిసారీ, లోపల ఎక్కడో ఒక మూల, పడాల్సిందే, ఇంకా పడాలి అనుకుంటూ వచ్చాడు. వేరే శిక్ష ఎవరూ వెయ్యలేదు, ఇదైనా ఉందని. దాన్ని కూడా ఈవిడ పది నిమిషాల్లో తీసేసింది.

"ఏదీ, ఆ గీత మీద నడవండి చూద్దాం. మడమ ముందు, వేళ్ళు వెనక, అడుగు మీద అడుగు." నడిచాడు. మెడ పట్టేసి ఉంది, కానీ గీత దాటలేదు. ఆవిడ ఇంటిదగ్గర చెయ్యాల్సినవి చూపించింది. బొటనవేలు కళ్ళముందు పెట్టుకుని, దాన్నే చూస్తూ తల అటూ ఇటూ తిప్పడం. స్పాంజి మీద కళ్ళు మూసుకుని నిలబడడం, పక్కన కుర్చీ పెట్టుకుని. నాలుగు నెలలు మెడ బిగించేసరికి ఒంటికి నడక మీద నమ్మకం పోయిందని, అది మళ్ళీ నేర్పాలని, కొన్ని వారాలు పడుతుందని, ఒకటి రెండుసార్లు మళ్ళీ తిరిగినా బెదిరిపోవద్దని చెప్పింది. భార్య ఏడుస్తూ నవ్వుతోంది, కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. "వాడుంటేనా, ఈ పాటికి ఊరంతా టముకు వేసేవాడు. మా బావ లేచాడని." ఆ మాటకి అతను గీత మధ్యలో ఆగాడు.

"మేడమ్, మొదటి రోజే వచ్చుంటే?"

"ఇంతేనండీ. ఇదే చేసేదాన్ని. చాలామంది తెలీక ఏళ్ళ తరబడి బాధపడతారు. మీరేం బాధపడకండి."

గోటితో పోయేది. గొడ్డలి దాకా కూడా ఆగలేదు, మనిషి దాకా వచ్చింది. ఇరవై రోజులు. ఇరవై పొద్దులు ఆ నిచ్చెన ఎక్కాడు. అందులో ఏ ఒక్క పొద్దున అయినా, సైట్ ఆఫీసు గదిలోకి వెళ్ళి ఒక్క ముక్క చెప్పి ఉంటే, ఎవరో ఒకరు ఈ గదికి పంపేవాళ్ళు. పంపకపోయినా, కనీసం గేటు దగ్గర స్టూలు వేసేవాళ్ళు. స్టూలు మీద కూర్చుని, నోరు తెరుచుకుని పైకి చూసేవాడు. ఇంకెవడో క్రేన్ నడిపేవాడు. రేడియో లారీ వెనక నుంచి వచ్చి, "బావా, గేటు తెరువు, దొరగారొచ్చారు" అని ఏడిపించేవాడు. ఎంత బాగుండేది ఆ ఎగతాళి. చెప్పకూడదని ఎవరూ చెప్పలేదు, చెప్పమనీ ఎవరూ అడగలేదు, ఇక ఎప్పటికీ అడగరు. కేసు మూసేశారు. చెవి కూడా బాగైపోయింది. ఈ గది దాటితే ఇంకెక్కడా దీని జాడ ఉండదు, అదిగో ఆ బల్ల మీద కాగితం తప్ప, అందులోనూ తేదీ భార్య చెప్పిందే. ఆమె బస్సులో పక్కసీటు మనిషికి చెబుతూనే ఉంటుంది, వాడంటే అంత ప్రాణమని. పక్కసీటు మనిషి జాలిగా చూస్తూనే ఉంటుంది. ఇంకో ఇరవై ఏళ్ళు. కాళ్ళు గీత మీద కుదురుగా ఉన్నాయి. తిరగడం లేదు. తిరుగుతోందన్న సాకు కూడా లేదు.

"ఆ కాగితం మీద తేదీ తప్పు రాశారు మేడమ్," అన్నాడు.

ఆవిడ కాగితం తీసింది. "ఏ తేదీ?"

"మొదలైంది ఆ రోజు కాదు. అంతకు మూడు వారాల ముందు."

"అదేంటండీ, అప్పుడు బానే ఉన్నారుగా," అంది భార్య, ఇంకా నవ్వు పూర్తిగా పోని ముఖంతోనే, ముసలివాళ్ళ మతిమరుపుని సరిదిద్దినట్టు. అతను తల వంచకుండా ఆమెకేసే చూశాడు. ఆ చూపుని ఆమె కొంచెం కొంచెంగా అర్థం చేసుకోవడం అతనికి కనిపించింది. ముందు కళ్ళు, తరవాత పెదాలు, తరవాత చేతిలో కొంగు.

"తిరుగుతుంటేనే ఎక్కారా?"

"ఎక్కాను."

"రోజూ?"

"రోజూ."

"మరి గాలన్నారు."

"అన్నాను."

బయట వరండాలో ఎవరో కుర్చీ జరిపారు. ఫిజియోథెరపీ ఆవిడ కాగితాన్ని బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి పెట్టి, కిటికీ వైపు చూస్తూ నిలబడింది.

"వాడికి తెలుసా?" అని అడిగింది భార్య.

ఆ ప్రశ్నలో ఒక తలుపు ఉంది, అది కొంచెం తెరిచే ఉంది. తెలుసని అంటే చాలు. తెలిసే నిలబడ్డాడు, ఏం కాదులే బావా అన్నాడు, అక్కకి చెప్పొద్దన్నాడు. వాడి తీరు మనిషి అలా అనగలడు, నమ్ముతుంది. నమ్మాలనే అడుగుతోందేమో. సగం బరువు పోయినవాడి మీదకి జరుగుతుంది, వాడికి ఇప్పుడు ఏ బరువూ తెలియదు. ఒకరోజు సాయంత్రం నిచ్చెన దిగి తల పట్టుకుని నిలబడితే వాడు చూశాడు కూడా. అనుమానం పడ్డాడు అనొచ్చు, అది అబద్ధం కూడా కాదు. గాలి మీదకి తోసినంత తేలిక. నాలుక దాకా వచ్చింది.

"తెలీదు," అన్నాడు. "ఒకసారి అడిగాడు, తలెందుకు పట్టుకున్నావని. నిద్ర చాల్లేదన్నాను. నమ్మాడు."

కేకలు వేస్తుందనుకున్నాడు, కొడుతుందనుకున్నాడు, కూలబడితే పట్టుకోవాలని ఒక అడుగు ముందుకి కూడా వేశాడు. ఆమె ఆ అడుగు వైపు చూసింది. అతను ఆగిపోయాడు. అప్పుడామె వంగి, బల్ల మీద పరిచి ఉన్న ఫిల్ములన్నీ ఒక్కొక్కటే తీసి, అంచులు సమంగా కలిపి, కవర్లో పెట్టి, మూత మడిచింది. కాజా దగ్గర దారం కత్తిరించేటప్పుడు ఉండే ముఖం, అదే శ్రద్ధ.

"మళ్ళీ ఎప్పుడు రావాలి మేడమ్?"

"వారం తరవాత. ఇదే టైముకి."

"వచ్చేసారి ఈయన ఒక్కరే రాగలరా?"

ఆవిడ ఒకసారి అతని వైపు, ఒకసారి ఆమె వైపు చూసింది.

"రాగలరండీ," అంది.